కానరాని రాణి

తేనెపెట్టె మూత తెరచి, చట్రాలను ఒకదాని తరువాత ఒకటిగా పైకెత్తి, ఇరువైపులా పరిశీలించి, రాణి ఈగను కనుగొనలేక మరల మూత వేసిన మనిషి ఎదుట ఒక చిన్న ప్రశ్న నిలుస్తుంది. రాణి లేదా? లేక నాకు కనబడలేదా? ఈ రెండు మాటలకు మధ్య దూరం పైకి బహు స్వల్పం. కాని ఆ దూరాన్ని గమనింపక దాటినవాడు ఒక్కొక్కప్పుడు వేలకొలది ప్రాణుల సంసారాన్ని కూల్చివేయగలడు. నేను ఒకమారు కూల్చాను. అందుచేతనే ఈ వ్యాసం వ్రాయవలసివచ్చినది.

మాది కొడగు సీమ. చాలకాలం పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా పనిచేశాను. ఇంటి వెనుక కాఫీతోటలో చెట్లనీడన మూడు తేనెపెట్టెలు పెట్టుకొన్నాను. మా ఈగ పరదేశపుటీగ కాదు. చెట్టు తొర్రలలోనూ, పాడుపడ్డ పుట్టలలోనూ, గోడ సందులలోనూ, చీకటి ఉన్నచోట వరుసగా పట్టులు కట్టుకొని కాపురముండే మన దేశపుటీగ. దీని కొలతకు తగిన చిన్న పెట్టెను 1910 దశకంలో దక్షిణదేశంలో న్యూటన్ అనే క్రైస్తవ మతాచార్యుడు రూపొందించాడు. నేటికీ దానిని న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు. దానికి పూర్వం తేనె కావాలంటే తొర్రను పొగబెట్టి, పట్టును పిండి, పిల్లలతో సహా నాశనం చేయడమే మార్గం. కదలే చట్రాలు వచ్చిన తరువాత మనిషి ఈగల ఇంటిలోనికి తొంగిచూడగలిగాడు. చూడగలిగినకొద్దీ, చూచినదానికి అర్థం చెప్పవలసిన భారం కూడ అతని మీద పడ్డది.

పెట్టెలో రాణి ఒక్కతే ఉంటుంది. వేలకొలది కూలి ఈగల మధ్య ఆమె కొంచెం పొడుగాటి శరీరం గలది, అంతే. వెలుతురు పడగానే చీకటి వైపు పరుగెత్తుతుంది. మన దేశపుటీగలలో ఈ బెదురు మరీ ఎక్కువ. కాబట్టి అనుభవజ్ఞులు రాణికోసం వెదకరు, గుడ్డుకోసం చూస్తారు. అర అడుగున తెల్లని దారపు తునకవలె ఒక గుడ్డు నిలిచి ఉన్నదంటే, గడచిన 3 రోజులలో రాణి అక్కడికి వచ్చిపోయినదన్నమాట. ఏలనంటే నాల్గవనాటికి ఆ గుడ్డు పురుగుగా మారుతుంది. ఇది తేనెటీగలవాని మొదటి పాఠం: మనిషిని చూడకపోయినా, చేసిన పనిని చూచి మనిషి ఉన్నాడని తెలుసుకోవచ్చు.

రెండవ పాఠం కష్టమైనది. అది రాణిగదులను చదవడం. మామూలు అరలు పట్టు మీద అడ్డంగా ఉంటాయి. రాణిని పెంచే గది మాత్రం వేరుసెనగకాయవలె క్రిందికి వ్రేలాడుతుంది. పట్టు అడుగు అంచున అటువంటివి పెక్కు ఉంటే, గుంపు రెండుగా చీలి, ముసలి రాణితో సగం ఈగలు ఎగిరిపోవడానికి సిద్ధపడుతున్నవని చెబుతారు. పట్టు నడుమ ఒకటో రెండో ఉంటే, శక్తి ఉడిగిన రాణి స్థానంలో కొత్తదానిని తెచ్చుకొంటున్నవని చెబుతారు. కూలి ఈగల అరలనే త్వరత్వరగా పెద్దవి చేసి, పట్టు ముఖం మీదనే కట్టిన గదులు కనబడితే, రాణి హఠాత్తుగా పోయినదనీ, ఉన్న పసిపురుగులలో కొన్నింటికి రాణియోగం కలిగిస్తున్నవనీ చెబుతారు. ఆకారం ఒక్కటే, అర్థాలు మూడు. పైగా ఈగలు మన గ్రంథాలు చదువుకొని గదులు కట్టవు. అంచున ఉండవలసినవి నడుమ ఉంటాయి, నడుమ ఉండవలసినవి అంచున ఉంటాయి.

1987 ఫిబ్రవరిలో నేనొక వారంరోజులు శిక్షణ తరగతులకై మైసూరు వెళ్ళి తిరిగివచ్చాను. కాఫీ ఇంకా పూతకు రాలేదు. వచ్చిననాడే పెట్టె తెరచి చూస్తే, అడుగు అంచున ఎనిమిది రాణిగదులు వ్రేలాడుతున్నవి. నా గుండె జల్లుమన్నది. పూత వచ్చేవేళకు సగం గుంపు ఎగిరిపోతే ఇక ఆ యేటి తేనె మాట మరచిపోవలసినదే. రాణి కనబడలేదు. గుడ్లు కూడ కనబడలేదు. కాని ఎగిరిపోయేముందు రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుందని చదివి ఉన్నాను. ఆ చదువు అప్పుడు నాకు సాయపడినట్లే తోచినది. ఈగలు ఇంకా నిండుగానే ఉన్నవి. కాబట్టి రాణి లోపలనే ఉన్నది, ప్రయాణసన్నాహం జరుగుతున్నది, గదులు తొలగిస్తే ప్రయాణం ఆగుతుంది: ఇదీ నా తర్కం. చాకు తీసుకొని ఎనిమిదింటినీ కోసివేశాను. ఆ రాత్రి కర్తవ్యం నెరవేర్చినవానివలె నిద్రపోయాను.

జరిగినది వేరు. నేను మైసూరులో ఉండగనే గుంపు చీలి ముసలి రాణి వెళ్ళిపోయినది. అరలలోనుండి దినదినమూ కొత్త ఈగలు బయటికి వస్తుండడంచేత పెట్టె నిండుగా కనబడినది. ఆ ఎనిమిది గదులలో పరిపక్వమైన రాణులు పుట్టుకకు ఒకటి రెండు రోజుల దూరంలో ఉన్నవి. దానికి సాక్ష్యం నా కండ్లయెదుటనే ఉన్నది. రాణి వెలువడే సమయం దగ్గరపడినప్పుడు ఈగలు గది కొనమీది మైనాన్ని గీకివేస్తాయి. లోపలి గూటి గోధుమరంగు బయటపడుతుంది. నేను కోసిన గదుల కొనలు గోధుమరంగులోనే ఉన్నవి. చూచాను, కాని చదవలేదు. ఆనాటికి పట్టులో రాణిగా మార్చుకోదగిన పసిపురుగు ఒక్కటి కూడ మిగిలి లేదు. అన్నీ వయసు దాటిపోయినవి. ఆ గుంపుకు ఉన్న చివరి దారిని నేను చాకుతో కోసివేశాను.

కొన్ని వారాలకు ఒక్కొక్క అరలో రెండేసి మూడేసి గుడ్లు, కొన్ని అరగోడలకు అంటుకొని, కనబడినవి. చూచి సంతోషించాను కూడ. అవి రాణి పెట్టినవి కావు. రాణి లేని ఇంటిలో కూలి ఈగలే గుడ్లు పెట్టనారంభిస్తాయి. మగతోడు లేని ఆ గుడ్లనుండి పోతుటీగలే తప్ప పనిచేసే ఈగలు పుట్టవు. కాఫీ పూసి, తోట అంతా మల్లెవంటి వాసన నిండిన దినాలలో ఆ పెట్టె క్రమక్రమంగా నిశ్శబ్దమైపోయినది.

మన పూర్వులు ఈ ప్రశ్నను తేనెటీగల ప్రసక్తి లేకుండనే ఎంతో లోతుగా విచారించారు. నేలమీద కుండ లేదని మనకు ఎట్లు తెలుస్తుంది? లేనిదానిని కన్ను ఎట్లు చూడగలదు? కుమారిలభట్టు మతస్థులైన మీమాంసకులూ, వారిని అనుసరించి అద్వైతులూ, దీనికి అనుపలబ్ధి అనే వేరొక ప్రమాణాన్ని అంగీకరించారు. నైయాయికులు అంగీకరింపలేదు, ఆ అభావాన్ని ప్రత్యక్షంలోనే చేర్చవచ్చునన్నారు. బౌద్ధ తార్కికుడైన ధర్మకీర్తి దానిని అనుమానంలో ఒక హేతువుగా పరిగణించాడు. వాదాలు ఎన్ని ఉన్నా ఒక్క నియమం దగ్గర వీరందరూ జాగరూకులే: కనబడకపోవడం లేమికి సాక్ష్యం కావాలంటే, ఆ వస్తువు అక్కడ ఉంటే తప్పక కనబడి ఉండవలసినది కావాలి. పట్టపగలు, బోసినేల మీద, కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిలో కనబడకపోతే అనరాదు. పిశాచం కనబడలేదు కాబట్టి లేదనడానికీ వీలులేదు. అది ఉన్నా కనబడేది కాదు గదా! పరుగెత్తి దాగుకొనే రాణి ఈ విషయంలో కుండవంటిది కాదు, కొంచెం పిశాచం వంటిదే. గుడ్డు మాత్రం కుండవంటిది. మంచి వెలుతురులో, మంచి చూపుతో చూచి, గుడ్డు లేదంటే నిజంగా లేదు. నేను గుడ్లు లేవని తెలుసుకొనేంతవరకు సరిగానే నడిచాను. ఎందుకు లేవన్న దగ్గర నా భయానికి అనుకూలమైన కారణాన్ని ఎంచుకొన్నాను.

అర్థాపత్తికి వారిచ్చే ఉదాహరణ మరీ దగ్గరగా వస్తుంది. దేవదత్తుడు బ్రతికి ఉన్నాడు, ఇంట లేడు, కాబట్టి బయట ఉన్నాడు. ఈ నిర్ణయం నిలబడాలంటే అతడు బ్రతికి ఉన్నాడని ముందే మనకు తెలిసి ఉండాలి. తెలియకపోతే, ఇంట లేకపోవడానికి అర్థం మృత్యువూ కావచ్చు. కొత్తగా పుట్టిన రాణి సరిగా ఈ దేవదత్తుడే. పుట్టిన కొద్దిరోజులకు, ఎండ కాసే మధ్యాహ్నవేళ, పోతుటీగలతో సంగమానికై ఆకాశంలోనికి ఎగిరి వెళుతుంది. ఆ ఘడియలో పెట్టె తెరచినవానికి ఇల్లు ఖాళీ. తిరిగివచ్చి గుడ్లు పెట్టేవరకు, పుట్టిన నాటినుండి లెక్కిస్తే, సుమారు రెండు వారాలు ఆమె ఉన్నదనడానికి గుడ్డు సాక్ష్యం కూడ ఉండదు. ఉన్నదో లేదో ఏ చట్రమూ చెప్పని కాలమది.

ఈ చదువులో పొరపడినవాడిని నేనొక్కడినే కాను. అరిస్టాటిల్ వంటి మహామేధావి ఈ ఇంటి యజమానిని రాజు అన్నాడు. 1586లో స్పెయిన్ దేశీయుడైన మెండెజ్ దె తోర్రెస్ అది గుడ్లు పెట్టే ఆడఈగ అని వ్రాసేవరకు, ఐరోపా పండితలోకంలో ఆ రాజరికానికి పెద్దగా ఆటంకం కలుగలేదు. రాణి సంగమం పెట్టె వెలుపలనే జరుగుతుందని ప్రయోగాలతో నిరూపించినవాడు జెనీవా నగరవాసి ఫ్రాంస్వా హ్యూబర్. ఆయన అంధుడు. సేవకుడైన బ్యూర్నెన్స్ కండ్లతో చూచాడు. ప్రశ్నలు మాత్రం తానే వేశాడు. 1792లో వెలువడిన ఆయన గ్రంథం నేటికీ గౌరవింపబడుతున్నది. అంతవరకు చూపున్నవారు చూడలేకపోయినది చూపులేనివాడు ఎట్లు కనుగొన్నాడన్నది ఆలోచింపదగిన విషయం. కన్ను ఉన్నవాడికి కనబడినదానితో తృప్తి కలుగుతుంది. హ్యూబరుకు ఆ తృప్తి లభించే వీలులేదు. ప్రతి విషయాన్నీ ఆయన అడిగి తెలుసుకోవలసివచ్చినది.

ఇక ఈగల సంగతి. రాణి పోయిన కొద్ది గంటలలోనే వాటికి ఆ సంగతి తెలుస్తుంది. రాణి దేహంనుండి వెలువడే ఒక పదార్థం ఈగనుండి ఈగకు ఇల్లంతా పాకుతుంటుందని, అది తరిగిపోవడమే వాటికి వార్త అని, 1950 దశకంలో ఇంగ్లండులో కోలిన్ బట్లర్ మొదలైన శాస్త్రజ్ఞులు తెలియజేశారు. అంటే పెట్టెలో రాణి ఉన్నదో లేదో తెలియనివాడు పెట్టె ముందు నిలబడిన మనిషి ఒక్కడే.

ఈ సత్యాన్ని నాకు పనికివచ్చే రూపంలో చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, మా పొరుగున ఉన్న ఒక వృద్ధుడు. 1991-92 ప్రాంతంలో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణదేశంలోని మన ఈగల పట్టులలో అధికభాగాన్ని తుడిచిపెట్టినది. పురుగు ఈగ కాకముందే నీటిసంచివలె ఉబ్బి అరలోనే చనిపోయేది. ఆ వృద్ధుని పెట్టెలన్నీ పోయినవి, నావీ పోయినవి. కొన్నేండ్లకు తొర్రలలో మరల ఈగలు కనబడసాగినవి. నేను రెండు గుంపులు పట్టి మరల ఆరంభించాను. 1998లో, కాఫీ పూత కాలంలో, వాటిలో ఒకటి చీలి సగం ఎగిరిపోయినది. పదునెనిమిది రోజులైనా మిగిలిన సగంలో గుడ్డు లేదు, రాణి కనబడలేదు. ఒక రాణిగది కొన గుండ్రని మూతవలె తెరచుకొని ఉన్నది. అంటే ఒక రాణి పుట్టినది. పుట్టినదేమో, సంగమానికి వెళ్ళి పక్షి నోట పడినదేమో ఎవరు చెప్పగలరు? ఆ పెట్టెను రెండవ పెట్టెతో కలిపివేయాలని నిశ్చయించుకొన్నాను. లోపల కన్యరాణి ఉంటే, ఇద్దరు రాణులు ఒక ఇంట ఇమడరు కనుక, ఒకతె చావక తప్పదు. అది తెలిసే చేయబోయాను. ఏదో ఒకటి చేయకుండా ఉండడం నాకు భరింపరానిదై ఉన్నది.

ఆ వృద్ధుడు కంచెదగ్గర నిలబడి కొంతసేపు చూచి అన్నాడు: “మాస్టరుగారూ, పొద్దుటినుంచి చూస్తున్నాను. మీరు దానిని వెదకుతున్నారు గాని, వీటిని అడగడం లేదు.”

“ఎట్లా అడగడం, అయ్యా?”

“మీ రెండో పెట్టెలోంచి గుడ్లూ పసిపురుగులూ ఉన్న పట్టు ఒకటి తీసి ఇందులో పెట్టండి. రాణి లేకపోతే మూడు రోజుల్లో దానిమీద గదులు కడతాయి. ఉంటే ఊరికే పెంచుకుంటాయి. ఆ తరువాత మీ ఇష్టం.”

ఆ విధంగానే చేశాను. మూడవనాడు తెరచి చూస్తే ఒక్క గది కట్టలేదు. పైగా పట్టు నడిమి అరలను తుడిచి మెరిసేటట్లు చేసి ఉంచాయి. ఎవరికోసమో ఇల్లు అలికి పెట్టినట్లున్నది. తొమ్మిదవనాడు అరకు ఒక్కటి చొప్పున గుడ్లు కనబడినవి.

ఆ పని ఫలించినందుకు నాకు సంతోషమే. కాని ఆ పని స్వభావమే నన్ను ఆనాటినుండి ఆలోచింపజేస్తున్నది. రాణి లేకుంటే, ఆ పట్టులోని పసిపురుగులే వారికి కొత్త రాణిని ఇచ్చి ఉండేవి. రాణి ఉన్నది కాబట్టి, అవి కొన్నివందల కూలి ఈగలై, బలహీనపడిన ఇంటికి బలమిచ్చాయి. నా ఊహ ఏ వైపు తప్పినా ఆ పని తప్పు కాదు. అది ప్రశ్న, అదే సహాయం. గదులను కోసిన పని అటువంటిది కాదు. నా ఊహ నిజమైతేనే అది మేలు. అబద్ధమైతే దిద్దుకోరాని కీడు. తెలియని స్థితిలో మనిషి ఏమి చేయాలి అన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఇంతమాత్రమే: మన అజ్ఞానం ఏ వైపు తేలినా ఎదుటివారికి నష్టం కలిగించని పని ఒకటి ఉంటుంది, ముందు దానిని వెదకాలి.

ఈ సంగతి నాకు పెట్టె దగ్గరికంటె పాఠశాలలో ముందుగా తెలిసి ఉండవలసినది. ఉపాధ్యాయుడు ప్రతి ఉదయం లేమిని లిఖించేవాడు. పేరు పిలుస్తాడు, పలుకు రాకపోతే గుర్తు పెడతాడు. 1989లో నాల్గవ తరగతి పిల్లవాడొకడు వరుసగా చాల దినాలు రాలేదు. కాఫీపండ్లు కోసే కాలం. వాడి తలిదండ్రులు వేరే సీమనుండి కోతకు వచ్చిన కూలీలు. ఇటువంటి పిల్లలు ఉన్నట్టుండి వెళ్ళిపోతారన్నది నా అనుభవం. ఖాళీ బల్లను చూచి, వెళ్ళిపోయినాడని నిర్ణయించి, హాజరుపట్టీలో వాడి పేరు కొట్టివేశాను. నియమం నా పక్షాన ఉన్నది. నెల గడచిన తరువాత తెలిసినది: వాడు మైలు దూరంలోనే ఉన్నాడు. తండ్రికి జబ్బు చేయగా, కళ్ళంలో ఎండబోసిన కాఫీకి కాపలా కూర్చున్నాడు. వాడే ఒకనాడు పాఠశాల గుమ్మందాక వచ్చి, తన పేరు పిలువకపోవడం విని, వెనుదిరిగి పోయినాడని తోటిపిల్లలు చెప్పారు. నేను వెదకికొంటూ వెళ్ళేసరికి ఆ కుటుంబం నిజంగానే మరొక తోటకు తరలిపోయినది. నా వ్రాతను నా వ్రాతయే నిజం చేసినది.

ఆనాడు ఒక పలకా, ఆ వారం పాఠమూ తోటిపిల్లవాని చేతికిచ్చి పంపి ఉంటే ఏమి పోయేది? పిల్లవాడు వెళ్ళిపోయి ఉంటే పలక తిరిగివచ్చేది. ఉంటే, నీ పేరు ఇంకా ఇక్కడ ఉన్నదన్న కబురు వాడికి చేరేది.

దీనినిబట్టి ఓర్పే పరమధర్మమని నేను చెప్పబోవడం లేదు. వేచి ఉండడం కూడ చంపుతుంది. మా సీమలో జూన్ మాసంలో వర్షం ప్రారంభమైతే వారాల తరబడి ఆకాశం తెరపి ఇవ్వదు, పోతుటీగలు ఉండవు, అప్పుడు పుట్టిన రాణికి సంగమం జరుగదు. ఆ వేళ చేతులు కట్టుకొని కూర్చున్నవాడు దయాళువు కాడు, సోమరి. కూలి ఈగలు గుడ్లు పెట్టడం మొదలైన తరువాత ప్రశ్నకు కాలం దాటినట్లే. కాబట్టి అడగడం వేరు, ఆలస్యం చేయడం వేరు.

అడగడం ఉచితమూ కాదు. పరీక్షకిచ్చిన పట్టు నా రెండవ పెట్టె కష్టార్జితం. ఆ యేడు దాని తేనె తగ్గినది. ఖర్చు లేకుండా ఎదుటివారి స్థితి తెలుసుకోవాలనుకొనేవాడు కంచె మీదనుండి తొంగిచూస్తాడేగాని, పట్టు తీసి ఇవ్వడు. మరొక ప్రమాదమూ ఉన్నది. రోగం ఉన్న పెట్టెనుండి తీసిన పట్టు రోగాన్ని కూడ మోసుకొని పోతుంది. ఆ వైరస్ కాలంలో మాలో కొందరు మంచిమనసుతో ఇచ్చిన పట్టులు మంచి పెట్టెలను కూడ ముంచినవి. సహాయానికి చేయి చాచేముందు మన ఇల్లు ఆరోగ్యంగా ఉన్నదో లేదో చూచుకోవాలి. ఈ పరీక్షలన్నీ దాటినా సమాధానం నిశ్చయంగా వస్తుందని లేదు. కన్యరాణి ఉండగనే గదులు కట్టే గుంపులు కూడ ఉంటాయి. మానవుల సంసారాలలో ఇంతకంటె స్పష్టమైన సమాధానాలు వస్తాయని ఆశించడం అత్యాశ. అయినప్పటికీ, అడిగి పొరబడినవాడికీ, అడుగకుండనే కోసివేసినవాడికీ భేదం ఉన్నది. మొదటివాని పొరపాటును దిద్దడానికి లోపల ఎవరో ఒకరు మిగిలి ఉంటారు.

నాకిప్పుడు చూపు తగ్గినది. గుడ్డును చూడడానికి భూతద్దం కావాలి. ఎండను వీపు వెనుక ఉంచుకొని పట్టును ఏటవాలుగా త్రిప్పాలి. ఒక్కొక్కనాడు అంత చేసినా ఏమీ కనబడదు. అటువంటప్పుడు పురుగులకు ఎండదెబ్బ తగులకుండా చట్రాలను తీసిన వరుసలోనే తిరిగి దింపి, మూత వేసి, పెట్టెమీద సుద్దతో ఆ నాటి తేదీ వ్రాస్తాను. తేదీ ప్రక్కన “రాణి లేదు” అని వ్రాసే అలవాటు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు “కనబడలేదు” అని వ్రాసి, మరునాడు ఏ పెట్టెనుండి పట్టు తీసి ఇవ్వగలనో చూచుకొంటాను.